దేశం కాని దేశంలో దాగుడుమూతలు: జియోక్యాషింగ్ కథాకమామీషు

దాగుడుమూతలు ఆడనివాళ్లు మన హాస్టల్‌లో ఎవరూ ఉండరు. ఆ ఆటలో మనుషులు దాక్కుంటారు, దొంగ వెతుకుతాడు. అదే ఆటను ప్రపంచమంతా ఆవరణగా చేసుకుని ఆడితే ఎలా ఉంటుంది? మనిషికి బదులు ఒక చిన్న డబ్బాను దాచి, "వచ్చి వెతుక్కోండి" అంటూ రెండు సంఖ్యలు మాత్రమే చెప్పి ఊరుకుంటే? ఆ ఆటే జియోక్యాషింగ్. 2000 సంవత్సరంలో అమెరికాలో పుట్టి, పాతికేళ్లలో దాదాపు అన్ని దేశాలకూ పాకింది.

'జియో' అంటే భూమి. 'క్యాష్' అనగానే మనకు డబ్బు గుర్తొస్తుంది కాని ఇది ఆ క్యాష్ కాదు. వేటగాళ్లు, బాటసారులు తిరుగు ప్రయాణంలో పనికొస్తాయని సామాన్లు దాచుకునే చోటును ఫ్రెంచి వాళ్లు ఆ మాటతో పిలిచేవారు. ఇంగ్లీషులోకి వచ్చాక రెండు మాటలనూ ఒకేలా పలుకుతున్నారు.

ఈ వ్యాసం రాస్తున్న మేము ఇదే హాస్టల్‌లో చదువుకుని ఇప్పుడు పీజీలో ఉన్నవాళ్లం. మిరప కోతలకూ పత్తి తీతలకూ వెళ్లే అమ్మానాన్నల పిల్లలం. మా ఇళ్లలో డిగ్రీ పాసైన మొదటివాళ్లం మేమే. ఇంత దూరపు ఆట గురించి ఎందుకు రాస్తున్నామంటే రెండు కారణాలున్నాయి. ఒకటి, మన హాస్టళ్ల నుంచి కూడా పై చదువులకు విదేశాలకు వెళ్లే రోజులు వచ్చాయి. వెళ్లినవారికి పెద్ద ఖర్చు లేకుండా ఆ దేశాన్ని చూపించే ఆట ఇది. రెండు, ఈ ఆటకు ఆధారమైన ఆ రెండు సంఖ్యలు విదేశంలోనే కాదు, మన ఊరి పొలంలోనూ పనికొస్తాయి. అందుకని ముందు ఆట సంగతి, తర్వాత దాన్ని విదేశంలో ఆడే పద్ధతి, చివర మన పొలం సంగతి చెబుతాం.

ఆ రెండు సంఖ్యలు ఏమిటి?

ఏడో తరగతి సాంఘిక శాస్త్రంలో చదివినవే. ఒకటి అక్షాంశం, రెండోది రేఖాంశం. భూమధ్యరేఖ నుంచి ఎంత ఉత్తరానికో, ఎంత దక్షిణానికో ఉన్నామని అక్షాంశం చెబుతుంది. ఇంగ్లాండులోని గ్రీనిచ్ గుండా పోయే గీత నుంచి ఎంత తూర్పుకో, ఎంత పడమరకో ఉన్నామని రేఖాంశం చెబుతుంది. పరీక్షలో రెండు మార్కులకు రాసి మర్చిపోతాం కాని, ఈ రెండూ కలిస్తే భూమి మీద ఒకే ఒక్క చోటు అవుతుంది. అంటే ప్రతి చోటుకూ ఒక చిరునామా ఉన్నట్టే. వీధి పేరు లేని చోటుకు కూడా ఉంటుంది. పొలం గట్టుకు కూడా ఉంటుంది.

గుంటూరు పట్టణం సుమారుగా 16 డిగ్రీల 18 నిమిషాల ఉత్తర అక్షాంశం, 80 డిగ్రీల 26 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఒంగోలు సుమారుగా 15 డిగ్రీల 30 నిమిషాల ఉత్తరం, 80 డిగ్రీల 3 నిమిషాల తూర్పు. ఇక్కడ నిమిషం అంటే గడియారం నిమిషం కాదు, డిగ్రీలో 60వ వంతు. నిమిషంలో 60వ వంతు సెకను.

వీటిని దూరాలుగా మార్చుకుంటే అసలు సంగతి అర్థమవుతుంది. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. ఒక నిమిషం అంటే సుమారు 1.85 కిలోమీటర్లు, అంటే ఒక ఊరి నుంచి పక్క ఊరి పొలాల దాకా. ఒక సెకను అంటే సుమారు 31 మీటర్లు, మన హాస్టల్ వరండా అంత. తూర్పు పడమరలుగా మాత్రం ధ్రువాల వైపు పోయేకొద్దీ డిగ్రీ దూరం తగ్గుతుంది. మన 16 డిగ్రీల దగ్గర అది సుమారు 107 కిలోమీటర్లు. ఇంగ్లాండులోనో కెనడాలోనో ఆడేవాళ్లకు ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

ఈ సంఖ్యలు ఫోనుకు ఎలా తెలుస్తాయి?

భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున జీపీఎస్ ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. వ్యవస్థ పనిచేయడానికి కనీసం 24 ఉండాలి, ఇప్పుడు 30 దాకా ఉన్నాయి. ఒక్కోదానిలో అణు గడియారాలు ఉంటాయి. ప్రతి ఉపగ్రహమూ "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైము ఇంత" అని రేడియో సంకేతం పంపుతూనే ఉంటుంది. ఆ సంకేతం మన ఫోనుకు చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది.

మెరుపు మెరిశాక ఉరుము ఎన్ని సెకన్లకు వినపడిందో లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో మనవాళ్లు చెబుతారు కదా, ఇదీ అలాంటి లెక్కే. సంకేతం వచ్చిన ఆలస్యాన్ని బట్టి ఆ ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో ఫోను లెక్కకడుతుంది. అలా నాలుగు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనం ఉన్న చోటు తేలిపోతుంది. చోటు తేలడానికి మూడు దూరాలు చాలు, ఫోనులోని మామూలు గడియారం తప్పును సరిచేయడానికి నాలుగోది కావాలి. ఆ గడియారం సెకనులో పది లక్షల వంతు తప్పినా దూరంలో 300 మీటర్లు తేడా వస్తుంది.

జీపీఎస్ అమెరికా రక్షణ శాఖది. మన ఇస్రో కూడా ఇలాంటి వ్యవస్థను తయారుచేసింది. దాని మొదటి ఉపగ్రహాన్ని 2013 జులై 1న మన తెలుగు నేల మీదున్న శ్రీహరికోట నుంచే పంపారు. 2016లో ఆ వ్యవస్థకు 'నావిక్' అని పేరు పెట్టారు.

ఆట ఎలా పుట్టింది?

జీపీఎస్ 1995 నాటికే పూర్తిగా పనిచేస్తున్నా, మామూలు జనానికి అందే సంకేతంలో అమెరికా సైన్యం కావాలనే కొంత తప్పు కలిపేది. ఆ తప్పు 100 మీటర్ల దాకా ఉండేది. 100 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. అంటే ఆ రోజుల్లో జీపీఎస్ పట్టుకుని పొలానికి పోతే మన పొలంలో ఉన్నామో పక్కవాళ్ల పొలంలో ఉన్నామో కూడా తెలిసేది కాదు.

2000 మే 1 అర్ధరాత్రి, అప్పటి అధ్యక్షుడు క్లింటన్ ఆదేశంతో ఆ తప్పు కలపడం ఆపేశారు. ఒక్క రాత్రిలో జనం చేతుల్లోని పరికరాలు ఎన్నో రెట్లు మెరుగయ్యాయి. రెండు రోజుల తర్వాత, మే 3న, డేవ్ ఉల్మర్ అనే కంప్యూటర్ నిపుణుడు దీన్ని పరీక్షించాలనుకున్నాడు. ఆరిగన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ అనే ఊరి దగ్గర ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్టు పెట్టాడు. అందులో పుస్తకాలు, వీడియోలు, కొంత డబ్బు, ఒక బీన్స్ డబ్బా, ఒక ఉండేలు, ఒక నోటుపుస్తకం ఉంచాడు. ఉత్తరం 45 డిగ్రీల 17.460 నిమిషాలు, పడమర 122 డిగ్రీల 24.800 నిమిషాలు అని ప్రకటించాడు. మైక్ టీగ్ అనే ఆయన దాన్ని మొదట కనుక్కున్నాడు. ఆ నెలాఖరులో మ్యాట్ స్టమ్ అనే ఆయన ఈ ఆటకు జియోక్యాషింగ్ అని పేరు సూచించాడు. ఆ సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ అనే ఆయన ఆటగాళ్ల కోసం సైటు ప్రారంభించేనాటికి లోకంలో ఇలాంటి డబ్బాలు 75 మాత్రమే. ఇప్పుడు 30 లక్షలకు పైగా ఉన్నాయి. 2008లో రిచర్డ్ గారియట్ అనే యాత్రికుడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో కూడా ఒకటి పెట్టి వచ్చాడు.

పైన చెప్పిన సంఖ్యల్లో 'పడమర' అనే మాట చూశారా? ఎవరైనా పొరపాటున అక్కడ 'తూర్పు' అని కొడితే ఆరిగన్‌కు బదులు ఈశాన్య చైనాలో తేలతారు. సంఖ్యలతో పాటు దిక్కు కూడా చూసుకోవాలని ఆటగాళ్లు కొత్తవాళ్లకు మొదట చెప్పే మాట ఇదే.

జీపీఎస్ లేని కాలంలో కూడా ఇలాంటి సరదా ఉండేది. 1854లో ఇంగ్లాండులోని డార్ట్‌మూర్ అనే బీడు ప్రాంతంలో జేమ్స్ పెరాట్ అనే గైడు క్రాన్‌మియర్ కుంట దగ్గర ఒక సీసా పెట్టాడు. అంత దూరం నడిచి వచ్చినవాళ్లు తమ పేరున్న కార్డు అందులో వేసి పోయేవారు. అది 'లెటర్‌బాక్సింగ్' అనే ఆటగా మారింది. జియోక్యాషింగ్‌కు అది పెద్దన్న లాంటిది.

ఆడే పద్ధతి

ఫోనులో యాప్ వేసుకుని ఉచితంగానే పేరు నమోదు చేసుకోవచ్చు. డబ్బు కట్టే సభ్యత్వం కూడా ఉంది కాని మొదలుపెట్టడానికి అది అక్కర్లేదు. యాప్ తెరిస్తే మన చుట్టుపక్కల ఉన్న డబ్బాలు పటం మీద కనిపిస్తాయి. ఒకదాన్ని ఎంచుకుని సంఖ్యలు చూపిన దిక్కుకు నడవాలి.

దగ్గరికి వెళ్లాక ఫోను పని అయిపోతుంది, కళ్ల పని మొదలవుతుంది. ఫోను చూపే చోటులో కొన్ని మీటర్ల తేడా ఉంటుంది కనుక, ఆ చుట్టూ రాళ్ల సందులు, చెట్టు తొర్రలు, బెంచీల అడుగు చూసుకోవాలి. డబ్బా పెద్దదైతే పాత మిలిటరీ తూటాల పెట్టె అంత ఉంటుంది. చిన్నదైతే పాతకాలం కెమెరా రీలు డబ్బీ అంత. మరీ చిన్నవి వేలి కొన మీద నిలబడతాయి. వెతకడం ఎంత కష్టమో, నడక ఎంత కష్టమో ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు అంకెలు ఇస్తారు. కొత్తవాళ్లు రెండూ 1 లేదా 2 ఉన్నవి ఎంచుకోవాలి.

ప్రతి డబ్బాలోనూ ఒక కాగితపు చుట్టో చిన్న పుస్తకమో ఉంటుంది. అందులో పేరు, తేదీ రాయాలి. పెన్ను మనమే పట్టుకెళ్లాలి. లోపల చిన్న చిన్న వస్తువులు ఉంటే ఒకటి తీసుకోవచ్చు. కాని తీసుకున్నదానికి సమానమైనదో, అంతకంటే విలువైనదో పెట్టాలి. తర్వాత డబ్బాను ఎలా ఉన్నదాన్ని అలాగే దాచి రావాలి.

కొన్ని డబ్బాల్లో నంబరు చెక్కిన లోహపు బిళ్ల ఉంటుంది. దాన్ని దాచుకోకూడదు. తీసుకెళ్లి ఇంకో ఊళ్లోనో ఇంకో దేశంలోనో మరో డబ్బాలో వేయాలి. నంబరును బట్టి అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అసలు యజమాని చూసుకుంటాడు. విదేశాలకు వెళ్లేవాళ్లకు ఇది పెద్ద సరదా.

మనకు హాస్టల్‌లో ట్రంకు పెట్టె, దానికి తాళం, తాళంచెవి మొలతాడుకు. తాళం లేని పెట్టె ఇక్కడ ఎన్నాళ్లు నిలుస్తుందో అందరికీ తెలుసు. అలాంటిది ఈ ఆటలో తాళమూ కాపలా లేని డబ్బాలు ఏళ్ల తరబడి ఉంటున్నాయి. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో మింగో అనే చోట 2000 మే 11న మొదలైన చోటుకు ఇప్పటికీ ఆటగాళ్లు వెళ్తున్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒక నియమాన్ని పాటించబట్టే ఆట నడుస్తోంది. అక్కడక్కడా పోయేవీ ఉంటాయి, పోతే పెట్టినవాళ్లే మళ్లీ పెడతారు.

విదేశంలో మనవాళ్లకు దీనితో ఏం పని?

1913లో బరోడా మహారాజా ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అంబేడ్కర్ గారు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి ఓడలో వెళ్లారు. 1954-55 నుంచి కేంద్ర ప్రభుత్వం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తోంది. షెడ్యూల్డు కులాల పిల్లలతో పాటు సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు కూడా అది వర్తిస్తుంది. ఈ సంగతి తెలియని తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇప్పుడే నోటుబుక్కులో రాసుకోండి.

అక్కడికి వెళ్లిన మన సీనియర్లు చెప్పేది ఒకటే. మొదటి ఆరు నెలలు గది, కాలేజీ, పార్ట్‌టైం పని, మళ్లీ గది. డబ్బు ఖర్చవుతుందని ఎక్కడికీ కదలరు. ఇంటికి ఫోను చేసినప్పుడు "ఊరు ఎలా ఉంది నాయనా?" అని అమ్మ అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. వారాంతంలో తోటివాళ్లు కార్లలో టూర్లు వెళ్తుంటే మనవాళ్లు తప్పుకుంటారు. అలాంటివారికి ఈ ఆట మంచి తోడు. బస్సు పాసు, నడవడానికి బూట్లు, ఒక పెన్ను ఉంటే చాలు. డబ్బాలు దాచేవాళ్లు చాలామంది తమ ఊళ్లో తాము గొప్పగా అనుకునే చోటునే ఎంచుకుంటారు. ఒక పాత వంతెనో, చెరువు గట్టో, ఎవరికీ తెలియని సమాధో. టూరిస్టు పుస్తకాల్లో లేని ఊరు ఇలా కనిపిస్తుంది. ఆటగాళ్లు అప్పుడప్పుడు పార్కుల్లో కలుసుకునే సమావేశాలు కూడా ఉంటాయి. అక్కడ ఎవరి ఊరు, ఎవరి కులం అనే ప్రశ్న రాదు. "ఎన్ని కనుక్కున్నావు?" అనే ప్రశ్నే వస్తుంది.

అయితే కొన్ని జాగ్రత్తలు తప్పకుండా పాటించాలి.

మొదటిది, బయలుదేరే ముందు పటాన్ని, డబ్బా వివరాలను ఫోనులోకి దించుకోండి. కొత్త దేశంలో నెట్ ఖరీదు, అడవుల్లో సిగ్నలే ఉండదు. జీపీఎస్‌కు మాత్రం నెట్ అక్కర్లేదు, ఆకాశం కనిపిస్తే చాలు. బ్యాటరీ చూసుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో గదిలో ఉన్నవారికి చెప్పి వెళ్లండి. చీకటి పడ్డాక, ఒంటరిగా వద్దు.

రెండోది, ప్రైవేటు స్థలంలోకి వెళ్లకండి. డబ్బా పెట్టడానికి స్థలం యజమాని అనుమతి ఉండాలన్నది ఈ ఆటలో నియమం. అయినా కంచె, బోర్డు కనిపిస్తే ఆగిపోవాలి. రైలు పట్టాలు, విమానాశ్రయాలు, బడుల ఆటస్థలాల దగ్గర తచ్చాడకండి. పొదల్లో వెతుకుతున్న కొత్త మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. మన రంగు చూసి ఆ అనుమానం ఇంకాస్త పెరిగినా ఆశ్చర్యం లేదు. పోలీసు వచ్చి అడిగితే పరుగెత్తకుండా, చేతులు కనిపించేలా నిలబడి, ఫోనులో యాప్ చూపించి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 2011లో ఇంగ్లాండులోని వెదర్‌బీ అనే పట్టణంలో ఒక హోటలు ముందున్న ఇలాంటి డబ్బాను బాంబు అనుకుని వీధి ఖాళీ చేయించి పేల్చేశారు. కాబట్టి జనం మధ్య దొంగచూపులు చూడటం మంచిది కాదు.

మూడోది, డబ్బాలో తినే వస్తువులు పెట్టకూడదు. వాసనకు జంతువులు వచ్చి డబ్బాను కొరికేస్తాయి. గుంటూరు నుంచి వచ్చామని ఎండు మిరపకాయ పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. ఆస్ట్రేలియా లాంటి దేశాలకు గింజలు, మొక్కలు, ఆహారం చెప్పకుండా తీసుకెళ్తే విమానాశ్రయంలోనే జరిమానా వేస్తారు. కత్తులు, మందులు, అగ్గిపెట్టెలు కూడా వద్దు. దానికి బదులు ఒక రూపాయి నాణెం, చిన్న లక్కబొమ్మ, మన తపాలా బిళ్ల పెట్టండి. దొరికినవాళ్లు మురిసిపోతారు.

నాలుగోది, తిరిగి వచ్చేటప్పటి సంగతి. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలు అక్కడ కొండలెక్కేవాళ్లు మామూలుగా వాడతారు. మన దేశంలోకి వాటిని టెలికాం శాఖ అనుమతి లేకుండా తేకూడదు. వాటిని తెచ్చి విమానాశ్రయాల్లో కేసుల్లో ఇరుక్కున్న ప్రయాణికులు ఉన్నారు. ఎవరైనా బహుమతిగా ఇచ్చినా వద్దనండి. మన ఫోనులోని జీపీఎస్‌తో ఏ ఇబ్బందీ లేదు.

ఇక్కడే నేర్చుకోవచ్చు

ఆట నేర్చుకోవడానికి విమానం ఎక్కక్కర్లేదు. మొన్న దసరా సెలవుల తర్వాత మేము హాస్టల్‌కు వచ్చినప్పుడు ఎనిమిది, తొమ్మిది తరగతుల తమ్ముళ్లతో ఆడించి చూశాం. ఖాళీ కొబ్బరినూనె డబ్బాలో చీటీలు వేసి ఆవరణలో ఒకచోట దాచి, సంఖ్యలు బోర్డు మీద రాశాం. రెండు జట్లు, జట్టుకు ఒక ఫోను. ఆరుబయట ఉన్నప్పుడు ఫోను నాలుగైదు మీటర్ల తేడాతో చూపింది. వేపచెట్టు కిందికి, గోడ పక్కకు వెళ్లగానే తేడా ఇంకా పెరిగింది. చెట్టూ గోడా సంకేతాన్ని అడ్డుకోవడం, గోడకు తగిలి తిరిగి రావడం వల్ల అలా జరుగుతుంది. పుస్తకంలో అక్షాంశం అర్థం కాని తమ్ముడికి కూడా ఆ అరగంటలో అర్థమైంది. ఉత్తరానికి నడిస్తే ఏ అంకె పెరుగుతుందో, తూర్పుకు నడిస్తే ఏది పెరుగుతుందో కాళ్లే చెప్పాయి.

ఈ ఆటకు దగ్గర చుట్టం ఇంకొకటి ఉంది. అక్షాంశం, రేఖాంశం రెండూ పూర్తి డిగ్రీల్లో కలిసే చోటుకు వెళ్లి, నాలుగు దిక్కులా ఫోటోలు తీసి, అక్కడ ఏముందో రాయడం. 1996లో అలెక్స్ జారెట్ అనే అమెరికన్ దీన్ని మొదలుపెట్టాడు. అక్కడ దాచిన డబ్బా ఏదీ ఉండదు, చోటే బహుమానం. మన అదృష్టం కొద్దీ అలాంటి బిందువు ఒకటి మన పక్కనే ఉంది. 16 డిగ్రీల ఉత్తరం, 80 డిగ్రీల తూర్పు. పాత ప్రకాశం జిల్లాలో బల్లికురవ పరిసరాల్లో, గుంటూరు జిల్లా పాత సరిహద్దుకు దగ్గరగా పడుతుంది. చిలకలూరిపేట, మార్టూరు, అద్దంకి మధ్య తిరిగే బస్సులు ఎక్కేవాళ్లు తెలియకుండానే ఎన్నోసార్లు దాని చుట్టుపక్కల పోయి ఉంటారు. నల్లరేగడి నేలలు, పత్తి, మిరప, సుబాబుల్ తోటలు, మధ్యలో గ్రానైట్ క్వారీలు ఉన్న ప్రాంతం.

వెళ్లాలనుకుంటే మిరప కోతలు అయిపోయాక వేసవిలో, ఉదయం పూట వెళ్లండి. వానాకాలం రేగడిలో అడుగు తీసి అడుగు వేయలేం. పైరు తొక్కకండి. పొలంలో మనిషి కనిపిస్తే, "బాబాయ్, ఇలా పటం చూసుకుంటూ వచ్చాం, ఒకసారి లోపలికి వెళ్లి ఫోటో తీసుకోవచ్చా?" అని అడగండి. అడగకుండా ఒకరి చేలో తిరిగితే మనలాంటి పిల్లలను ఏమంటారో మనకు తెలుసు. క్వారీ గుంటల దగ్గరికి అసలు వెళ్లవద్దు.

మన పొలం సంగతి

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. డబ్బా దాచిన చోటును సంఖ్యలు చెప్పినట్టే, పొలం ఉన్న చోటును కూడా సంఖ్యలు చెప్పగలవు. మన పల్లెల్లో భూమిని గొలుసుతో కొలిచేవారు. 66 అడుగుల గొలుసు, దానికి 100 లింకులు. దాన్ని 1620 ప్రాంతంలో రూపొందించిన ఇంగ్లీషు పండితుడి పేరు ఎడ్మండ్ గుంటర్. గుంటూరుకూ ఆయనకూ ఏ చుట్టరికమూ లేదు కాని పేరు మాత్రం భలే కలిసింది. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. మనం ఇప్పటికీ సెంట్లలో మాట్లాడుకునేది ఆ గొలుసు లెక్కే. ప్రతి పొలానికీ సర్వే నంబరు, కొలతల పటం, మూలల్లో సర్వే రాళ్లు ఉంటాయి. పటాన్ని ఎఫ్.ఎం.బి. అంటారు.

మన తల్లిదండ్రుల్లో చాలామందికి సొంత భూమి లేదు. ఉన్న కొద్దిమందికీ ప్రభుత్వం పంచిన డీకేటీ భూమే. అలాంటి భూములు చేతులు మారకూడదని 1977లో రాష్ట్రంలో చట్టం కూడా వచ్చింది. అయినా కాగితం ఒకరి దగ్గర, నేల మరొకరి సాగులో ఉండటం పల్లెల్లో కొత్త కాదు. కాగితంలో ఉన్న నంబరు నేల మీద ఎక్కడుందో చదివే మనిషి ఇంట్లో లేకపోవడమే దానికి ఒక పెద్ద కారణం.

మాలో ఒకరి ఇంట్లో తాత పేరున అలాంటి పట్టా ట్రంకు పెట్టెలో ముప్పై ఏళ్లుగా ఉంది. సర్వే నంబరు ఉంది, ఎకరం అని రాసి ఉంది. నేల మాత్రం ఎవరూ చూపించలేదు. ఎప్పుడడిగినా "ఆ వాగు అవతల ఎక్కడో" అన్న జవాబే. పోయిన వేసవిలో మేము మీభూమి పోర్టల్‌లో గ్రామ పటం తీసి, ఫోనులో ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టుకున్నాం. వాగు వంపు, బండ్ల బాట, చెరువు అలుగు రెండింటిలోనూ పోల్చుకున్నాం. మనం కనుక్కోవాల్సిన చోటుకు సుమారు సంఖ్యలు వచ్చాయి. వాటిని పట్టుకుని వెళ్తే సర్కారు తుమ్మల మధ్య సగం పూడిన సర్వే రాయి కనిపించింది. మా వాడి నాయనమ్మ ఆ రాయి పక్కన నిలబడి, "ఇదేనంట్రా మన చెక్క? ఇన్నేళ్లూ కాగితమ్మీదే చూశాను" అంది.

అంతటితో భూమి వచ్చేసిందని మేము చెప్పడం లేదు. ఇక్కడ ఒక లెక్క గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. చదరంగా ఉన్న ఎకరం పొలానికి ఒక పక్క సుమారు 64 మీటర్లు ఉంటుంది. ఆ పక్క గట్టు 5 మీటర్లు జరిగితే దాదాపు 8 సెంట్లు పోయినట్టే. ఫోనులో ఆ 5 మీటర్ల తేడా ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి ఫోను చూపించి పక్క రైతుతో హద్దు తగాదా పెట్టుకోకూడదు. హద్దు తేల్చాల్సింది సర్వేయరే. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో సర్వేయర్లు వాడిన రోవర్ అనే పరికరం కూడా ఉపగ్రహాల సంకేతాలతోనే పనిచేస్తుంది. కాని స్థిరంగా ఉన్న కేంద్రం నుంచి సవరణలు అందుకుని, తప్పును కొన్ని సెంటీమీటర్లకు తగ్గిస్తుంది. అందుకని మేము గ్రామ సచివాలయంలో ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టించాం. అది ఇంకా తేలలేదు. కాని ఇప్పుడు "ఎక్కడో ఉంది" అని ఎవరూ అనలేరు. ఎక్కడుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

చివరగా

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వేసవిలో ఇంటికి వెళ్లినప్పుడు మూడు పనులు చేయండి. మీ ఇంటి ముందు నిలబడి మీ అక్షాంశ రేఖాంశాలు చూసి నోటుబుక్కులో రాసుకోండి. అమ్మానాన్నల ట్రంకు పెట్టెలో భూమి కాగితం ఏదైనా ఉంటే సర్వే నంబరు చదివి, దాని పటం చూసి, ఆ చోటు ఎక్కడో వాళ్లకు చూపించండి. కాగితం లేనివాళ్లు ఊరి చెరువు, ఊరి శ్మశానం, బడి స్థలం ఎంతవరకు ఉన్నాయో చూడండి. అవి అందరివీ కనుక మీవి కూడా.

రేపు మీలో ఎవరైనా సియాటిల్‌లోనో మెల్‌బోర్న్‌లోనో దిగితే, మొదటి ఆదివారం గదిలో కూర్చోకుండా బయటికి నడవండి. ఏ చెట్టు కిందో ఒక డబ్బా దొరుకుతుంది. అందులోని పుస్తకంలో మీ పేరు, దాని పక్కన మీ ఊరి పేరు తెలుగులో రాయండి. తర్వాత వచ్చినవాళ్లకు ఆ అక్షరాలు చదవడం రాకపోవచ్చు. అందుకని కింద మీ ఊరి అక్షాంశం, రేఖాంశం కూడా రాయండి. అవి మాత్రం ఏ దేశం వాళ్లయినా చదవగలరు.